ఊక తలంబ్రాలు

"పెద్దమ్మా, పెండ్లి చేసే పంతులు చేతికి వాచీ పెట్టుకుంటడా?" అని అడిగింది మా మేనత్త మనవరాలు.

ఆ పిల్ల కోదాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు మిర్యాలగూడలో నానమ్మ దగ్గరికి వచ్చింది. నేను ఆ ఉదయమే సూర్యాపేటలో బస్సెక్కి వచ్చాను. మా మేనత్తకూ మామయ్యకూ పెళ్లయి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. వాళ్ల కొడుకు ఊళ్లో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాడు. హాలు గేటు ముందు కట్టే ఫ్లెక్సీలో పాత పెళ్లి ఫోటోలు వేయిద్దామని అతని కోరిక. ఫోటోలను ఫోన్‌లోకి ఎక్కించే పని కూతురికిచ్చాడు. వాటిలో ఎవరెవరున్నారో గుర్తుపట్టి చెప్పే పని నాకు అప్పగించాడు. ఆ పెళ్లినాటికి నాకు ఎనిమిదేళ్లు. అప్పటి మనుషులను గుర్తుపట్టగలిగినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు ఎక్కువమంది లేరు.

నల్లని దళసరి అట్టలు, వాటి మధ్య మసకగా కనిపించే పల్చటి కాగితాలు, మూలల్లో అంటించిన చిన్న చిన్న త్రికోణాలు. ఆ ఆల్బమ్‌లో ఉన్నవి ఆరే ఆరు నలుపు తెలుపు ఫోటోలు. మొదటి ఫోటోను ఫోన్‌లో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసేసరికి ఆ పిల్లకు పంతులుగారి మణికట్టు కనిపించింది.

"వాచీ ఒక్కటే కాదు పెద్దమ్మా, మీసాలు సూడు. గింత మందం. చేతిల బుక్కు మీద ఏందో రాసి ఉంది."

నేను కళ్లజోడు సవరించుకుని చూశాను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఆ నిలువు గీతలు, ఆ అట్ట చూడగానే తెలిసిపోయింది. అది పంచాంగం కాదు, మంత్రాల పుస్తకం కాదు. పిల్లల హాజరు పట్టీ.

మా అత్తమ్మ కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకు నెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మంచం మీద పేపరు చదువుతున్న మామయ్య కూడా పేపరు దించాడు.

"గాయన పంతులు కాదే పిల్లా," అంది అత్తమ్మ ఊపిరి తీసుకుని. "మా ఊరి బడి సారు. అంగీ ఇప్పి కూసోపెట్టినం. వాచీ తీసుడు మర్సిపోయిండు."

"మీ పెండ్లి సారు చేసిండా?"

"పెండ్లి పంతులే చేసిండు. ఫోటోల పెండ్లి సారు చేసిండు."

ఆ పిల్ల మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఆల్బమ్ ఉంది, చూసినవాళ్లు ఉన్నారు, కానీ దాని కథ ఎవరూ పిల్లలకు చెప్పినట్టు లేదు. పెళ్లి ఫోటో అంటే పెళ్లి రోజు తీసిందేనని అందరూ అనుకుంటారు. మా అత్తమ్మ ఆల్బమ్‌లో ఉన్న ఆరింట్లో ఒక్కటి కూడా పెళ్లి రోజు తీసింది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమైనా సరే అని కూర్చుని ఆ పిల్లకు కథంతా చెప్పాం. కొంత అత్తమ్మ చెప్పింది, కొంత మామయ్య అడ్డం వచ్చి దిద్దాడు, కొంత నేను చెప్పాను.

పెళ్లి శ్రావణ మాసంలో జరిగింది. వేములపల్లికి రెండు మైళ్లలో ఉన్న మా ఊళ్లో, మా తాత ఇంటి ముందు పందిట్లో. మామయ్యది పాలకీడు వైపు ఒక ఊరు. మా ఊళ్లో అంతకుముందు ఏ పెళ్లికీ ఫోటోలు తీసేవాడు రాలేదు. మామయ్య అన్న పట్టుబట్టడం వల్ల మిర్యాలగూడ నుంచి ఒకతన్ని పిలిపించారు. ఇరవై రెండు ఇరవై మూడేళ్లు ఉంటాయేమో, సన్నగా, పొడవుగా ఉండేవాడు. మెడలో పెట్టెలాంటి కెమెరా వేలాడేది. మొహానికి ఆనించుకోకుండా, పొట్ట దగ్గర పట్టుకుని, పైనుంచి దాంట్లోకి తొంగి చూసేవాడు. అతను ఎటు తిరిగితే ఊరి జనం అటు తిరిగేవాళ్లు. తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురిని చూసినవాళ్లకంటే అతన్ని చూసినవాళ్లే ఎక్కువ.

నాలుగు రోజుల తర్వాత అతను సైకిల్ మీద మళ్లీ వచ్చాడు. ఫోటోలు తెచ్చాడని అందరం పరుగెత్తాం. అతని చేతిలో ఏమీ లేదు. పందిట్లో నిలబడి, తల వంచుకుని, రీలు పాడైపోయిందని చెప్పాడు. వెలుతురు తగిలిందట. ఒక్క బొమ్మ కూడా రాలేదట.

ఆ సమయానికి మామయ్య అన్న కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లయిన మూడో రోజే అత్తమ్మను మా ఇంటికి తీసుకొచ్చారు. పదహారు రోజుల పండుగకు గాని మంచి ముహూర్తం లేదని, అప్పటిదాకా అమ్మాయి పుట్టింట్లోనే ఉండాలని పెద్దలు నిర్ణయించారు. ఆ మాటలు ఖాయం చేసుకోవడానికి వచ్చిన మనిషి, ఫోటోలు రాలేదని వినగానే మండిపడ్డాడు.

"పని రానోనివి కెమెరా ఎందుకు పట్టినవ్? పెండ్లంటే మళ్ల మళ్ల అయితదా? మా ఇజ్జత్ ఖతం జేసినవ్!"

అతను, "నాదే తప్పండి. రీలు నేనే సరిగ్గా చూసుకోలే. మీరు ఏ రోజు చెప్తే ఆ రోజు వచ్చి మళ్లీ తీస్తా," అన్నాడు.

మా తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మామూలుగా ఊళ్లో ఏ పంచాయితీ అయినా ముందు గొంతు ఆయనదే. ఆ రోజు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పోనియ్యుండ్రి, పిలగాడు. మళ్ల తీస్తనంటుండు గద," అని మాత్రం అన్నాడు.

అలా పదహారు రోజుల పండుగ నాడు, మామయ్యను పిలిపించి, రెండోసారి పెళ్లి పెట్టుకున్నాం.

చెప్పడం తేలిక. తీరా ఆ రోజు వచ్చాక తెలిసింది ఏవీ లేవని. అసలు పంతులుగారు వేరే ఊళ్లో పెళ్లి చేయించడానికి వెళ్లాడు. శ్రావణంలో ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? బడి సారు మంచివాడు, కాదనలేకపోయాడు. ఎవరిదో పట్టు పంచె కట్టించి కూర్చోబెడితే చేతిలో పుస్తకం లేకుండా పంతులులా లేడన్నారు. అప్పుడు నన్ను బడికి పరుగెత్తించి హాజరు పట్టీ తెప్పించారు. పందిరి ఆకులు పదహారు రోజుల్లో ఎండి గలగలలాడుతున్నాయి. మా తాత స్వయంగా చెట్టెక్కి మామిడి రెమ్మలు కోసి, కెమెరాకు కనిపించేంత మేర మాత్రం పచ్చటివి కట్టాడు. మూడో ఫోటోలో ఎడమ అంచున చూస్తే ఎండిన ఆకు మొదలైన చోటు తెలుస్తుంది. ఆ అంచులోనే మా బర్రె తల కూడా ఉంది. అది ఆ ఎండుటాకుల కోసం వచ్చి, ముట్టె పైకెత్తి ముత్తయిదువలతో సమానంగా నిలబడింది.

అసలు రభస తాళి దగ్గర వచ్చింది. మామయ్య అన్న, తాళి తీసి మళ్లీ కట్టించమన్నాడు. మా నాయనమ్మ గయ్యిమంది.

"కట్టిన తాళి ఇప్పుతారయ్యా? ఫోటో కోసం నా బిడ్డ మెడ బోసిగ సేస్తవా? అవసరం లేదు నాకు ఫోటోలు!"

ఫోటో అతనే మధ్యలోకి వచ్చి ఉపాయం చెప్పాడు. "తియ్యొద్దమ్మా. అల్లుడుగారు ఊరికే చేతులు మెడ వెనక పెడితే చాలు. కొంగు అడ్డం ఉంటుంది. చేతిలో ఏముందో ఎవరికి తెలుస్తుంది?"

అందుకే రెండో ఫోటోలో మామయ్య రెండు చేతులూ అత్తమ్మ మెడ వెనక ఉన్నాయి, కాని ఆ చేతుల్లో దారం లేదు. మొహం మాత్రం నిజంగా ముడి వేస్తున్నంత శ్రద్ధగా పెట్టాడు.

తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ మళ్లీ అడ్డుపడింది. అబద్ధపు పెళ్లికి బియ్యం నేలపాలు చేయనంది. పసుపు బియ్యం లేకుండా తలంబ్రాలు ఎలా? ఎవరు అన్నారో తెలియదు గాని, "ఊక ఉంది గద, ఫోటోల ఏం తెలుస్తది," అన్నారు. వడ్లు దంచిన ఊక ఇంటి వెనక కుప్పగా ఉండేది. రెండు చాటల నిండా తెచ్చి దంపతుల ముందు పెట్టారు.

"ఊ, పొయ్యండి," అన్నాడు ఫోటో అతను.

అత్తమ్మ దోసిలి నిండా ఊక తీసుకుని మామయ్య తల మీద పోసింది. గాలి ఎటు తిరిగిందో, అదంతా ఆయన ముక్కులోకీ కళ్లలోకీ వెళ్లింది. మామయ్య ఒక్క తుమ్ము తుమ్మాడు. అది మామూలు తుమ్ము కాదు. తలకు కట్టిన బాసికం ఎగిరి సారు ఒళ్లో పడింది. ఆ బాసికం కూడా అట్టముక్కకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అంటించి చేసిందే. సరిగ్గా ఆ క్షణంలోనే కెమెరా మోగింది.

ఆ ఐదో ఫోటోలో మామయ్య కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని, గాల్లో వేలాడుతున్నట్టు ఉంటాడు. చుట్టూ ఊక మంచులా కమ్మింది. మా అత్తమ్మ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆ కాలంలో పెళ్లికూతురు అలా నవ్విన ఫోటో నేనింకోటి చూడలేదు.

"నా ముక్కుల ఊక పోసిన చెయ్యి ఇది," అన్నాడు మామయ్య, అత్తమ్మ చెయ్యి పట్టుకుని మనవరాలికి చూపిస్తూ. "ఆ తర్వాత నలభై ఏండ్లు రైస్ మిల్లుల ఫిట్టర్ పని జేసిన. రోజూ ఊకనే. కాని గంత తుమ్ము మళ్ల రాలే."

"అబ్బ, ఆ తుమ్ముకు పొలంల కొంగలు లేచినయ్," అంది అత్తమ్మ.

నాలుగో ఫోటో పెళ్లివారి గుంపు. పెళ్లికి వచ్చిన చుట్టాలెవరూ అప్పటికి లేరు. జనం కావాలని, నాట్లు వేస్తున్న ఆడవాళ్లను పొలం నుంచి కేకేసి పిలిచారు. వాళ్లు ఎగదోపుకున్న చీరలతో, మోకాళ్ల దాకా బురదతో వచ్చి వరుసగా నిలబడ్డారు. ఒకామె చేతిలో నారు కట్ట అలాగే ఉంది. ముందు వరుసలో నేను. పెళ్లికి కట్టుకున్న పట్టు లంగా ఆ రోజు తడిసి తీగ మీద ఉండడంతో బడి గౌనులో, ఊడిన ముందు పన్నుతో, కెమెరా వైపు కాకుండా పందిరి అంచున ఉన్న బర్రె వైపు చూస్తున్నాను.

ఆరోది అప్పగింతల ఫోటో. దాన్ని చూసి బంధువులు ఇన్నేళ్లూ, "ఎంత ఏడ్సిండ్రో పాపం," అనేవాళ్లు. నాయనమ్మ మొహం కొంగులో దాచుకుంది. అత్తమ్మ ఆమె భుజం మీద తల వాల్చింది. వెనక మా అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నిజానికి వాళ్లెవరూ ఏడవడం లేదు. అప్పటికి తుమ్ము జరిగి పది నిమిషాలైంది. ఏడవమని ఫోటో అతను ఎంత బతిమాలినా ఎవరికీ నవ్వు ఆగలేదు. చివరికి అతనే విసిగి, "మొహాలు దాచుకోండమ్మా, అది చాలు," అన్నాడు.

కథంతా విని ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని, "నానమ్మా, గీ వాచీ, బర్రె ఇవన్నీ ఒక్క నిమిషంల తీసేయొచ్చు. తాత ముఖం కూడ మంచిగ చెయ్యొచ్చు. ఫ్లెక్సీల నీట్‌గ ఉంటది," అంది.

అత్తమ్మ నవ్వు ఆపేసింది.

"ఒక్కటి గూడ తియ్యకు," అంది. "నీకు తెల్వదు బిడ్డా. అసలు పెండ్లి నాకు యాదికే లేదు. తల ఎత్తితే ఒట్టు. ఆయన కాళ్ల బొటన వేళ్లు తప్ప ఏం సూడలే. ఏడుపు, భయం, ఆకలి, గంతే. మీ తాత ముఖం నేను సక్కగ సూసింది ఆయన తుమ్మినప్పుడే. అప్పుడే నాతోటి మొదటి మాట మాట్లాడిండు."

"ఏమన్నడు?"

అత్తమ్మ మామయ్య వైపు చూసింది. ఆయన పేపరు మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"'జర మెల్లగ పొయ్యరాదా' అన్నడు," అంది అత్తమ్మ. "గా మాట నాకు గిప్పటికి ఇనబడ్తది."

పేపరు వెనక నుంచే మామయ్య అన్నాడు: "గా ఫోటో ఆయనకు పని రాకపోవుడు మన మంచికే అయింది."

ఆ మాట దగ్గర నాకు నవ్వు ఆగిపోయింది. మా ఇంట్లో యాభై ఏళ్లుగా ఆ మాట అంటూనే ఉన్నారు. 'పని రాని ఫోటో ఆయన'. ఎవరికైనా ఏదైనా పని చెడితే, ఆ ఫోటో ఆయనలా చేశావని అనడం మాకు వాడుక. విన్న ప్రతిసారీ నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేదాన్ని. ఎందుకంటే రీలు ఎలా పాడైందో నాకు తెలుసు. నేను కళ్లారా చూశాను.

పెళ్లి రోజు మధ్యాహ్నం అతను చివరి బంతిలో భోజనానికి కూర్చున్నాడు. కెమెరాను లోపలి గదిలో మంచం మీద పెట్టి వెళ్లాడు. ఆ గదిలోనే వడ్ల బస్తాల వెనక నేను దాక్కుని ఉన్నాను. పెళ్లివారి కోసం చేసిన లడ్డు ఒకటి చేతిలో ఉంది. అప్పుడు మా తాత లోపలికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, మంచం మీద కూర్చుని, కెమెరాను ఒళ్లో పెట్టుకున్నాడు. తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఎక్కడ నొక్కాడో ఏమో, టక్కున వెనక మూత తెరుచుకుంది. లోపలికి తొంగి చూశాడు. తన బిడ్డ బొమ్మ వచ్చిందో లేదో చూద్దామనుకున్నాడేమో. "ఏం లేదేంది?" అని తనలో తను అనుకుని, మూత మూసి, ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టాడు. లేచేటప్పుడు బస్తాల వెనక నన్ను చూశాడు.

"ఏం సూసినవే?"

"ఏం సూడలే తాతా."

ఆయన నా చేతిలోని లడ్డు వైపు చూశాడు. నేను ఆయన చేతుల వైపు చూశాను. మరో మాట లేకుండా బయటికి వెళ్లి, ఇంకో లడ్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆ ఫోటో అతను పందిట్లో తల వంచుకుని నిలబడ్డప్పుడు, మా తాత అరుగు మీద అంతసేపు ఎందుకు నోరు మెదపలేదో ఆ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు.

ఆ తర్వాత తాత చాలా ఏళ్లు బతికాడు. మేమిద్దరం ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన పోయాక ఇంక చెప్పి ఏం లాభమనుకున్నాను. కాని ఆ సాయంత్రం ఆల్బమ్ మూసేటప్పుడు, ఒక ఫోటో మూల ఊడి వెనక్కి తిరిగింది. దాని వెనక మిర్యాలగూడ స్టూడియో రబ్బరు స్టాంపు ఉంది. వీధి పేరు చదవడానికి వస్తోంది.

మర్నాడు బస్సెక్కేముందు ఆ వీధికి వెళ్లాను. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. లోపలున్న అబ్బాయికి ఏమీ తెలియదు. పక్కన బట్టలు కుట్టే పెద్దాయన మిషన్ ఆపి చెప్పాడు. "ఆయన దుకాణం ఎత్తేసి చాన ఏండ్లయింది మేడం. కోదాడల బిడ్డ దగ్గర ఉంటుండు. బాగనే ఉన్నడు, మొన్న పండుగకు ఫోన్ జేసిండు." ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు.

ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. తర్వాతి ఆదివారం కోదాడ వెళ్లాను. సెలవులు ముగిసి హాస్టల్‌కు తిరిగి వచ్చిన మనవరాలు బస్టాండ్‌కు ఎదురొచ్చి, తన స్నేహితురాలి స్కూటీ మీద నన్ను ఎక్కించుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. దారిలో ఆ పిల్లకు అసలు విషయం చెప్పేశాను. స్కూటీ ఒక్క క్షణం అటూ ఇటూ ఊగింది.

అతను, ఇప్పుడు ఆయన అనాలి, వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, సన్నదనం మాత్రం పోలేదు. నేను ఊరి పేరు చెప్పి, రెండుసార్లు ఫోటోలు తీసిన పెళ్లి అనగానే నవ్వాడు.

"ఎందుకు గుర్తుండదమ్మా? నేను ఒక్కణ్నే వెళ్లి తీసిన మొదటి పెళ్లి అది. అల్లుడుగారు తుమ్మారు. బాగున్నారా వాళ్లు?"

బాగున్నారని చెప్పాను. టీ వచ్చింది. టీ చల్లారేదాకా చెప్పలేకపోయాను. చివరికి కప్పు కింద పెట్టి, ఒక్క గుక్కలో చెప్పేశాను. బస్తాలు, మంచం, తెరుచుకున్న మూత, మా తాత, నేను. "అప్పుడు మిమ్మల్ని అందరూ తిట్టిండ్రు. నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు," అన్నాను. అప్పటికే నా కళ్లు తడిసిపోయాయి.

ఆయన చాలా నెమ్మదిగా అన్నాడు: "నాకు తెలుసమ్మా."

ఎలా తెలుసని అడిగాను.

"ఆ రోజు భోంచేసి వచ్చి కెమెరా తీసుకుంటే, వెనక నల్లటి తోలు మీద తెల్లటి మరక. వేలితో రాసినట్టు. సున్నం. ఆ ఇంట్లో ఆకూ వక్కా వేసుకునేది ఎవరో పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాగా."

మా తాత ఆకుకు సున్నం రాసుకున్నాక వేలు ఎక్కడబడితే అక్కడ తుడిచేవాడు. గుమ్మాలకు, మంచం కోళ్లకు, స్తంభాలకు. నాయనమ్మ దాని గురించి తిట్టని రోజు లేదు.

"మరి ఎందుకు చెప్పలేదు అంకుల్?" అని మనవరాలు అడిగింది.

"ఎట్లా చెప్తానమ్మా? కూతురి పెళ్లి చేసిన పెద్దమనిషి. అల్లుడి వైపువాళ్లేమో పందిట్లో అరుస్తున్నారు. నేను వేలు చూపిస్తే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? నాకేముంది, కుర్రాణ్ని. ఇంకో రోజు పని, అంతేగా." మళ్లీ తనే అన్నాడు: "రెండోసారి వచ్చినప్పుడు మీ తాతే నన్ను భోజనానికి కూర్చోబెట్టాడు. ఎవర్నీ వడ్డించనివ్వలేదు. తనే నిలబడి, అన్నం మీద నెయ్యి గరిటెతో కాదు, గిన్నెతో పోశాడు. చాలు చాలంటే వినడే. ఒక్క మాట మాట్లాడలేదనుకో. కాని నాకు అర్థమైంది."

చూసి కూడా చెప్పలేదని బాధపడుతున్న నన్ను ఓదార్చాలనుకున్నాడో ఏమో, "నీకెన్నేళ్లమ్మా అప్పుడు?" అని అడిగాడు. ఎనిమిది అన్నాను.

"నువ్వు చెప్పుంటే నీ వీపు చిట్లేది గాని, నా రీలు బాగయ్యేదా? ఊరుకో."

లోపలి నుంచి ఆయన కూతురు నవ్వుతూ వచ్చింది. "దీనివల్లేనా నాన్నా? ఏ పెళ్లికి పోయినా కెమెరా ఒళ్లో పెట్టుకునే అన్నం తినేవాడండీ. దాని బెల్టు నిండా పప్పు మరకలు. అమ్మ మొత్తుకునేది."

తిరుగు ప్రయాణంలో సూర్యాపేటలో మా ఇంటికి వెళ్లకుండా, కోదాడలోనే మిర్యాలగూడ బస్సు పట్టుకుని అత్తమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకు కూడా చెప్పేదాకా నాకు నిద్ర పట్టదనిపించింది. అంతా విన్నాక ఆమె ముందు నన్ను తిట్టింది.

"యాభై ఏండ్లు ఒక్క లడ్డుకు నోరు మూసుకున్నవానే? నేనైతే నాలుగు అడుగుదును."

తర్వాత ఆల్బమ్ ఒళ్లోకి తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. కొంచెంసేపటికి, "మా నాయన నా ఫోటో సూడనికి గంత ఆత్రపడ్డడా?" అంది. "నా ముంగట ఎన్నడు బయటపడలే. పెండ్లినాడు గూడ నాతోటి సరిగ్గ మాట్లాడలే. కోపంగ ఉన్నడనుకున్న." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈసారి అది నవ్వు కాదు.

మామయ్య మాత్రం లేచి చొక్కా వేసుకుని, ఫోన్ అందుకున్నాడు. "నంబర్ చెప్పు బిడ్డా. ఆయన్ని పిలువాలె. గిన్నేండ్లు తిట్టుకున్నం." రింగు పోతుండగానే గొంతు సవరించుకున్నాడు. అవతల ఎత్తగానే, "అన్నా, నేను తుమ్మినోణ్ని మాట్లాడుతున్న," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

ఫంక్షన్ రోజున హాలు గేటు ముందు ఫ్లెక్సీ నిలబడింది. దాని మీద పెద్దగా వేయించింది తుమ్ము ఫోటోనే. అత్తమ్మ చెప్పినట్టే ఏదీ తీయలేదు, ఏదీ దిద్దలేదు. వచ్చినవాళ్లు గేటు దగ్గర ఆగి, ఇదేందని అడిగి, నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. మా తాత కెమెరా మూత తెరిచిన సంగతి మా అన్నదమ్ములకు కూడా ఆ రోజే తెలిసింది. ఎవరూ తప్పుపట్టలేదు. ఆయన్ని చూడని పిల్లలు కూడా, చెవి దగ్గర కెమెరా పెట్టుకుని ఊపి చూసిన మనిషిగా ఆయన్ని ఇష్టపడ్డారు.

కోదాడ నుంచి ఫోటో ఆయన కూతురితో కలిసి వచ్చాడు. మామయ్య గేటు దాకా ఎదురువెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. మా అత్తమ్మ ఆల్బమ్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. తాను తీసిన ఫోటోలను ఆయన అప్పుడు చూడడమే, మళ్లీ చూడలేదట. కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు చూశాడు. మేమందరం ఏమంటాడోనని చుట్టూ నిలబడ్డాం.

నాలుగో ఫోటో దగ్గర ఆగి, బొటనవేలితో దాని కుడివైపు అంచు కప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడ ఇంకో అడుగు వెనక్కి వెళ్లాల్సింది," అన్నాడు. "ఈ చివరి ఆవిడ మొహం సగం తెగింది. పాపం, పనొదులుకుని వచ్చింది."

మా అత్తమ్మ వంగి చూసి, ఆ సగం మొహం ఎవరిదో చెప్పింది. ఆమె చివ్వెంల వైపు నుంచి కోడలిగా మా ఊరొచ్చిందని, నాట్లలో ఆమెను మించినవాళ్లు లేరని, పాట మొదలుపెడితే మడి అయిపోయేదాకా ఆపేది కాదని చెప్పింది. ఫోటో ఆయన శ్రద్ధగా విని, పేజీ తిప్పాడు.